విడి కంప్యూటర్ భాగాలను పాలిథిన్ కవర్లలో చుట్టి బీరువాలో పెట్టవచ్చా?

పాత కంప్యూటర్ విప్పగా మిగిలిన రెండు ర్యామ్‌లను, మదర్‌బోర్డును, గ్రాఫిక్స్ కార్డును మామూలు పాలిథిన్ కవర్లలో చుట్టి బీరువాలో పెట్టవచ్చా, స్థిర విద్యుత్తు భయం నిజమేనా అని మీరు అడిగారు. బీరువాతో ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా ఆ కవర్లతోనే.

ఈ పొరపాటు నేనూ చేశాను. హైదరాబాద్‌లో ఒక జనవరి మధ్యాహ్నం, గాలి బాగా పొడిగా ఉన్నప్పుడు, పాలిస్టర్ దుప్పటి పరచిన మంచం మీద కూర్చుని కవరులోంచి ఒక ర్యామ్‌ను బయటికి లాగితే వేలికొసన చిటుక్కుమంది. ఆ రోజు అది బాగానే పనిచేసింది. మూడు వారాల తర్వాత కంప్యూటర్ పని మధ్యలో నీలి తెర చూపి ఆగిపోవడం మొదలుపెట్టింది, రాత్రంతా మెమరీ పరీక్ష నడిపితే తప్పులన్నీ ఆ ఒక్క ర్యామ్‌లోనే కనిపించాయి. ఆ చిటుకే కారణమని రుజువు చేయలేను గానీ, దెబ్బతిన్న చిప్ అప్పటికప్పుడు చావకుండా కొన్నాళ్లు నడిచి తర్వాత మొరాయించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. మన చర్మానికి ఆ చురుకు తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. సున్నితమైన చిప్‌లకు 100 వోల్టులు కూడా ఎక్కువే. అంటే మనకు ఏమీ తెలియకుండానే వాటికి నష్టం జరిగిపోవచ్చు.

మామూలు పాలిథిన్, థర్మాకోల్ రాపిడితో విద్యుత్ ఆవేశాన్ని, అంటే స్థిర విద్యుత్తును, పుట్టిస్తాయి. గులాబీ రంగు యాంటీస్టాటిక్ కవరు అలా పుట్టించదు, కానీ బయటి నుంచి వచ్చే స్థిర విద్యుత్తు దెబ్బను ఆపలేదు. ఆ పని చేసేది లోపల పలుచని లోహపు పొర ఉన్న, వెండి రంగులో మెరిసే కవరు. అదైనా చిరుగు లేకుండా ఉండి, మూతి మడిచి అంటిస్తేనే పనికొస్తుంది. వస్తువు సగం బయటికి కనిపించేలా పెట్టడం దండగ. కొత్త హార్డ్ డిస్కులతో వచ్చిన కవర్లను నేను పారేయకుండా దాచుకుంటాను. మదర్‌బోర్డును నల్లటి కార్బన్ ఫోమ్ మీద పెట్టేటట్లయితే నాణెం లాంటి 3 వోల్టుల బ్యాటరీని ముందుగా తీసేయండి, ఎందుకంటే ఆ ఫోమ్ గుండా కరెంటు కొద్దికొద్దిగా పారి బ్యాటరీ ఖాళీ అవుతుంది. వెండి కవరులో లోహపు పొర ఉంటుంది కాబట్టి దాని మీద బోర్డును పరచి కరెంటు ఇచ్చి పరీక్షించడం కూడా తగదు.

భాగాలను ముట్టుకునే ముందు కంప్యూటర్ కేబినెట్‌లో రంగు పూయని లోహపు భాగాన్ని తాకి, పని చేస్తున్నంతసేపూ మధ్యమధ్య తాకుతూ ఉంటే ఇంటి అవసరానికి చాలు. ప్లగ్గు పెట్టి స్విచ్చు ఆపి తాకమని చాలామంది చెబుతారు, ఎర్త్ సరిగ్గా ఉన్న ఇంట్లో అది నిజమే. కానీ మన పాత ఇళ్లలో కంప్యూటర్ నడుస్తుండగా కేబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనడం మీకూ అనుభవమై ఉంటుంది. ఎర్త్ లేనప్పుడు, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే వోల్టేజీ అది. అలాంటి ఇంట్లో ప్లగ్గు పూర్తిగా పీకేయడమే మేలు. ఒంట్లోని స్థిర విద్యుత్తును ఎర్త్‌కు పంపే మణికట్టు పట్టీ కొనేటట్లయితే లోపల ఒక మెగాఓమ్ రెసిస్టర్ ఉన్నదే తీసుకోండి, పొరపాటున కరెంటు తగిలినా మన ఒంటి గుండా ఎక్కువ పారకుండా అదే ఆపుతుంది.

మీరు కాకినాడ, విశాఖ వైపు ఉంటే మాత్రం స్థిర విద్యుత్తు కన్నా తేమ పెద్ద శత్రువు. మా మేనమామ ఒక వానాకాలమంతా వార్తాపత్రికలో చుట్టి ఉంచిన గ్రాఫిక్స్ కార్డు బ్రాకెట్ మీద తుప్పు, మదర్‌బోర్డులో గుచ్చే బంగారు పూత పళ్ల అంచుల్లో పచ్చటి మరకలు నేనే తుడిచాను. కాగితం తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. అందుకని కవరును మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, ప్రతి వానాకాలం తర్వాత వాటిని మార్చండి. బీరువాలో బట్టల కోసం వేసే కలరా ఉండలను మాత్రం ఆ అరలో ఉంచవద్దు, వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.