ఇంట్లో కట్టిన సీఎన్‌సీ రౌటర్: చెక్క ఎందుకు మాడుతోంది?

విజయనగరంలో సొంతంగా కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్‌తో (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే యంత్రం) పనస చెక్క మీద లతలు చెక్కుతుంటే అంచులు మాడుతున్నాయి, ఫీడ్ (కోసే బిట్ చెక్క మీద ముందుకు కదిలే వేగం) ఇంకా తగ్గించాలా అని అడిగారు. వద్దండి, ఆ నెమ్మదే అసలు జబ్బు.

మీ స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) 18,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, బిట్‌కి 2 పళ్లు, ఫీడ్ నిమిషానికి 600 మి.మీ. అన్నారు. రెండు పళ్లకీ కలిపి నిమిషానికి 36,000 కోతలు. 600ని 36,000తో భాగిస్తే ఒక్కో కోతకి పంటికి 0.017 మి.మీ. చెక్కే వస్తుంది. అంటే పన్ను కోయడం లేదు, రుద్దుతోంది. వేడంతా ఆ రాపిడిదే. పన్ను సరిగా కోయడానికి అది 0.05 దాకా రావాలంటే ఫీడ్ 1,800 పెట్టాలి. కానీ మీది ప్లైవుడ్ ఫ్రేము, అంత వేగానికి ఊగిపోవచ్చు. అందుకని ఆర్‌పీఎం 10,000కి దించి ఫీడ్ 1,000 పెట్టి చూడండి, పంటికి అదే 0.05 వస్తుంది. లోతు విడతకు 1 మి.మీ. చాలు. బిట్ ఇప్పటికే నల్లబడి ఉంటే మార్చేయండి. మొద్దు బిట్ దగ్గర ఏ లెక్కా పనిచేయదు.