తెగులు తట్టుకునే రకం వేస్తే దిగుబడి తగ్గుతుందా?

ఓట్స్ అయినా వరి అయినా, తెగులు తట్టుకునేలా తయారు చేసిన రకాలకు దిగుబడి తగ్గుతుందా అని అడిగారు. తగ్గాలనేం లేదు. పరకాల దగ్గర మా పొలం గట్టు మీదే చూశాను.

ఆ వానాకాలం బాపు ఎప్పట్లాగే బీపీటీ 5204, అంటే సాంబ మసూరి వరి వేశాడు. పక్క పొలం మామ అగ్గితెగులు తట్టుకునే తెలంగాణ సోన, అదే ఆర్ఎన్ఆర్ 15048 పెట్టాడు. అది 125 రోజుల పంట, బీపీటీది 150. ముందే కోతకొచ్చి తప్పించుకుందిలే అంటారేమో, ఆయన ఆలస్యంగా నాటేశాడు, రెండూ ఒకేసారి ఈనాయి. రాత్రుళ్లు చలి, తెల్లారేదాకా మంచు, పైన మబ్బు. మందు కొట్టినా మాకు మెడవిరుపు, అంటే కంకి మెడకు పట్టే అగ్గితెగులు వచ్చింది. దూరం నుంచి చేను తెల్లగా పండినట్టే ఉంది. దగ్గరికి పోతే కంకులన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. గింజ బరువుంటే కదా వంగేది! బాపు ఒక కంకి మెడ దగ్గర గోరుతో గీకాడు, నల్లగా కుళ్లింది. అరచేతిలో నలిపి ఊదితే అంతా తాలే. గట్టు అవతల మామ కంకులు మాత్రం నిండుగా వంగి ఉన్నాయి. యూరియా ఎక్కువైతే ఈ తెగులు ఇంకా పెరుగుతుంది, అయినా మాకంటే ఆయనే ఎక్కువ చల్లాడు కూడా.

1986లో వచ్చిన బీపీటీకి ఎండాకు తెగులూ (ఆకులు ఎండిపోయేలా చేసే బ్యాక్టీరియా తెగులు) శత్రువే. హైదరాబాద్ శాస్త్రవేత్తలు దాన్ని తట్టుకునే మూడు జన్యువులు ఎక్కించి, మళ్లీ మళ్లీ సాంబతోనే సంకరం చేసి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి తెచ్చారు. గింజ సాంబదే, దిగుబడీ పోలేదు. ఒక్క జన్యువునే నమ్ముకుంటే తెగులు దాన్ని దాటేస్తుంది, ఓట్స్‌లో తుప్పు తెగులు చేసేది అదే. కాకపోతే ఈ సాంబ అగ్గితెగులును ఆపదు. 'అన్ని తెగుళ్లూ తట్టుకుంటుంది' అని విత్తనం అంటగట్టే షాపువాళ్లు ఈ ముక్క చెప్పరు.

నన్నడిగితే ఇలాంటి రకాలు వేయడానికి అసలు అడ్డు సైన్సు కాదు, మిల్లు. మామ వడ్లు చూసి 'బీపీటీ కాదు కదా' అని ధర కోశారు, పైగా తేమ పేరుతో తరుగు. 2024 వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది, సంతోషమే. కానీ కాంటా దగ్గర కోసేది ఎవరు లెక్కపెట్టాలి? మా ఇంట్లో కూడా అంతే. అన్నానికి బీపీటీనే కావాలి, హైదరాబాద్‌లో ఉన్న అక్కావాళ్లకూ అవే బియ్యం పంపాలి. అందుకే బాపు ఇప్పటికీ కొంత చేను దానికే వదులుతాడు, ప్రతి ఏడూ మందుకు డబ్బులు పోస్తాడు.