సెకనుకి రెండు వేలు: పరుగు మీద ఇష్టం పోతోందా?

ప్రశ్న: మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో హర్డిల్స్‌లో ఆసియా స్వర్ణం తెచ్చినప్పటి నుంచి మా పాపకి పరుగే లోకం. ఇప్పుడు 15 ఏళ్లు, 400 మీటర్లు 62 సెకన్లలో పరిగెడుతుంది. టైమింగ్‌లో సెకను తగ్గిస్తే రూ.2,000 ఇస్తానని నిరుడు మాటిచ్చాను. మొదట్లో బాగానే తగ్గించింది. ఈమధ్య ఆర్కే బీచ్‌లో ఇసుక పరుగుకి లేపితే "దానికేమిస్తావు నాన్నా?" అంటోంది. డబ్బు ఆపేస్తే ఆటే మానేస్తుందేమో! పెద్ద క్రీడాకారులూ నగదు బహుమతుల కోసమేగా ఆడేది?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: డబ్బు చెడ్డదని అనలేం. 1996లో బల్గేరియా క్రీడాకారుల మీద వచ్చిన అధ్యయనంలో, బాగా గెలిచినవాళ్లలోనే డబ్బు, పేరు లాంటి బయటి ప్రతిఫలాల కోసం ఆడే ధోరణి ఎక్కువ కనిపించింది. అయితే 2004లో ఆస్ట్రేలియా అథ్లెట్లని అడిగితే, డబ్బు కంటే సొంత లక్ష్యాలే ముందన్నారు.

మీ పాపకి ఇష్టం ముందు పుట్టింది, బేరం తర్వాత వచ్చింది. 1973లో అమెరికాలో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బహుమతి ఉందని ముందే చెప్పి గీయించిన పిల్లలు ఆ తర్వాత గీయడం తగ్గించారు. గీశాక అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. కాబట్టి పాత బాకీ ఉంటే తీర్చేసి, సెకనుకింత అనే లెక్క ఆపేయండి. స్పైక్స్ (మేకుల బూట్లు), ప్రయాణం, తిండి ఖర్చులు మాత్రం ఫలితం ఎలా ఉన్నా మీవేనని పాపకి చెప్పండి. గెలిచాక ఏదైనా కొనిపెడితే తప్పులేదు, ముందు చెప్పకండి.

అంతకంటే ప్రమాదం "ఓడితే నాన్నకి మొహమెలా చూపించను" అన్న భయం. అది పొద్దున్నే ప్రాక్టీసుకి లేపుతుంది గానీ రేసులో ముంచుతుంది. ఆ కంగారులో మొదటి 200 మీటర్లు 28 సెకన్లలో లాగేస్తారు, ఆఖరి 80 మీటర్లలో కాళ్లు బిగుసుకుపోతాయి. 62 సెకన్ల పాపకి మొదటి 200 సుమారు 29.5, రెండో 200 సుమారు 32.5 సెకన్లు సరైన పంపకం. రేసయ్యాక "ఎన్నో స్థానం?" అనకుండా "మొదటి 200 ఎంతలో వచ్చావు?" అని అడగండి. ఆ అంకెలు తనే నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

ఇసుక పరుగు ఎవరికీ సరదాగా ఉండదు. "నా చివరి వంద మీటర్లకి ఇది కావాలి" అని నమ్మినవాళ్లే రోజూ చేస్తారు. ఎందుకు చేయిస్తున్నారో కోచ్ చేత చెప్పించండి. వారంలో ఒక రోజు 200 మీటర్ల పరుగులు ఆరా, 300 మీటర్లవి నాలుగా అన్నది పాపనే ఎంచుకోనివ్వమనండి.

ఒక్కోసారి బద్ధకంలా కనిపించేది రక్తహీనత కూడా కావచ్చు. ఈ వయసు అమ్మాయిల్లో ఐరన్ లోపం మామూలే. ఆయాసం, నీరసం, టైమింగ్ పడిపోవడం కలిసి కనిపిస్తే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపేది) పరీక్షలు చేయించండి. డాక్టర్ని అడగకుండా మాత్రలు మొదలుపెట్టకండి.