పాతబస్తీ చూపిస్తూ బతకొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. ఆదివారం వస్తే కెమెరా పట్టుకుని పాతబస్తీకి పోతుంది. డిగ్రీ అయ్యాక జనానికి పాత కట్టడాలు, సందులు నడిచి చూపించే హెరిటేజ్ వాక్‌లు నడిపిస్తూ, ఫొటోలు తీస్తూ బతుకుతానంటోంది. మేం గ్రూప్స్‌కు చదవమంటున్నాం. ఇది తిండి పెట్టే పనేనా?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: పెడుతుందండీ. కాకపోతే మొదటి రెండు మూడేళ్లు ఒక్క దీన్నే నమ్ముకోవద్దు. మనిషికి 400 చొప్పున పది మంది వస్తే ఒక ఉదయానికి 4,000. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఎండాకాలం, వానాకాలం జనం నడవరు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకానే అసలు సీజన్. అందుకే డిగ్రీ ఆపొద్దు. గ్రూప్స్ చదువు పక్కన సాగినా నష్టం లేదు, తెలంగాణ చరిత్ర రెండింటికీ పనికొస్తుంది.

చార్మినార్‌ను 1591లో కట్టారని ఫోనే చెబుతుంది. ఆ మాట కోసం ఎవరూ డబ్బులివ్వరు. గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దగ్గర నిలబెట్టి చుట్టూ ఉన్న నాలుగు కమాన్లూ (పెద్ద తోరణ ద్వారాలు) చూపించి, లాడ్‌బజార్ వెనక సందుల్లో బొగ్గుల మీద లక్కను కరిగించి గాజు ఎలా చుడతారో కళ్లకు కట్టిస్తే ఇస్తారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది దాన్నెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరద తర్వాతే మళ్లీ ముంపు రాకుండా ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, మూసీ మీద గండిపేట చెరువు వచ్చింది. ఒక్క చెట్టు నీడలో నిలబడి నగరం తాగే నీళ్ల కథంతా చెప్పొచ్చు. మీ అమ్మాయి నగరమంతా పట్టుకోనక్కర్లేదు. ఇలాంటి ఒక్క కిలోమీటరు ఎంచుకుని, ఏడాది పాటు దాన్నే తిరిగి, గంటన్నర నడకగా తయారు చేసుకోమనండి.

ఇంకో మాట నా అనుభవంతో చెబుతున్నాను. నేను వెళ్లిన వాక్‌లలో ఎక్కువ ఇంగ్లిష్‌లోనే నడిచాయి. జిల్లాల నుంచి వచ్చే మనవాళ్లు చార్మినార్ ముందు ఫొటో దిగి, గాజులు కొనుక్కుని బస్సెక్కుతున్నారు. వాళ్లకు కమ్మగా తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. అమ్మాయికి ఆ బలం ఇంట్లోనే ఉంది. దుకాణాల దగ్గర కూర్చుని దక్కనీ ఉర్దూ కూడా నేర్చుకుంటే పాతబస్తీ తలుపులు తెరుస్తుంది.

ఫొటోల సంగతి. ఖరీదైన లెన్సులకు అప్పు చేయొద్దు, ఉన్న కెమెరా చాలు. పొద్దున్నే దుకాణాలు తెరవకముందు వెలుతురూ బాగుంటుంది, రద్దీ కూడా ఉండదు. పని చేసుకునేవాళ్ల ముఖాలు అడగకుండా తీయకూడదు. ఆడవాళ్లు, పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. తీసిన ఫొటో ప్రింటు వేయించి మళ్లీ వెళ్లి ఇచ్చి రావాలి. రేపు ఆమె పదిమందిని వెంటేసుకుని వచ్చినప్పుడు "రా బేటీ" అని లోపలికి పిలిచేది వాళ్లే. మసీదుల్లో నమాజు వేళలు చూసుకోవాలి. రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. చార్మినార్, గోల్కొండ లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల లోపల గైడుగా పనిచేయాలంటే లైసెన్సు కూడా కావాలి.

చదువుకు దారులున్నాయి. కేంద్ర పర్యాటక శాఖ 'ఇంక్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్' ఆన్‌లైన్ కోర్సును డిగ్రీతో పాటే చేయొచ్చు. టూరిజంలోనే పై చదువులనుకుంటే గచ్చిబౌలిలో నిథమ్ (పర్యాటక, ఆతిథ్య రంగాల కళాశాల) ఉంది. ఫొటోగ్రఫీయే ప్రాణమైతే మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్ఏ అనే లలితకళల డిగ్రీ ఉంది. కానీ దానికి మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదవాలి, ఇప్పుడు నేనైతే వద్దంటాను.

ఆడపిల్ల ఒంటరిగా సందుల్లో తిరుగుతుందన్న భయం మీ ఉత్తరంలో రాయలేదు గానీ నాకు కనిపించింది. మొదటి ఆరు నెలలు స్నేహితురాలిని తోడు తీసుకెళ్లమనండి, చీకటి పడకముందే ముగించమనండి. అమ్మాయి నడక సిద్ధమయ్యాక మీరు, మీ ఇంటామె హైదరాబాద్ వెళ్లి, తన తొలి వాక్‌కు టికెట్ కొని నడవండి. మోకాళ్లు నొప్పెట్టినా మధ్యలో ఆపొద్దు. ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ ఇంకాస్త వినాలనిపించిందో రాత్రికి అమ్మాయికి చెప్పండి.