పొద్దున పార్కులో పూల మాక్రో ఫోటోలు షార్ప్‌గా రావాలంటే లెన్స్ మార్చాలా?

పొద్దున్నే పార్కుకెళ్ళి పూలను దగ్గర నుంచి తీస్తే ఒక్కటీ షార్ప్‌గా రావడం లేదు, మాక్రో లెన్స్ (చాలా దగ్గర నుంచి చిన్నవాటిని పెద్దగా తీసే లెన్స్) కొంటే కుదురుతుందా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ముందు మీరు వెళ్ళే టైమ్ మార్చి చూడండి.

నేను చలికాలమంతా కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో తీస్తుంటాను. డిసెంబర్, జనవరిలో హైదరాబాద్‌లో దాదాపు 6:30, 6:50 మధ్య పొద్దు పొడుస్తుంది. ఆ తర్వాత ఒక గంట మనది. ఎండ పడి నేల వేడెక్కిందంటే గాలి మొదలవుతుంది, మంచు ఆరిపోతుంది. పువ్వును అసలు సైజులో, అంటే కెమెరా సెన్సర్ మీద పువ్వు ఉన్నంత సైజులోనే పడేలా తీస్తే, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్/8 దగ్గర ఉన్నా కూడా ఫోకస్‌లో ఉండేది సుమారు ఒక్క మిల్లీమీటరే. కాడ కాస్త ఊగినా ఫోటో పోయినట్టే. ఫోకస్‌లో ఉండే భాగం పెరుగుతుంది కదా అని ఎఫ్/22కి వెళ్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దాటేటప్పుడు వెలుతురు చెదరడం) వల్ల మొత్తం మెత్తబడిపోతుంది. నేను ఎఫ్/11 దాటను. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600కి పెంచుతాను, చేత్తో తీసేటప్పుడు షట్టర్ వేగం మాత్రం సెకనులో 1/250 వంతు కంటే తగ్గించను.

ఆటోఫోకస్ ఆపేయండి. ఫోకస్ రింగ్‌ను ఒకచోట ఉంచి, మోచేతులు నేలకు ఆనించి, మీరే అంగుళంలో పదో వంతు ముందుకీ వెనక్కీ కదులుతూ నాలుగైదు షాట్లు వరసగా కొట్టండి. పువ్వు ముఖానికి కెమెరా సమాంతరంగా ఉంటే ఆ ఒక్క మిల్లీమీటరులోనే చాలా భాగం ఇముడుతుంది. పడుకోడానికి పాత యూరియా సంచి తీసుకెళ్ళండి, గడ్డి బాగా తడిగా ఉంటుంది.

మొదట గులాబీల జోలికి పోకుండా గడ్డి చామంతి తీయండి. దారి పక్కన ఎవరూ పట్టించుకోని పువ్వు. దగ్గరికెళ్తే చుట్టూ తెల్లటి రేకలు, ఒక్కో రేక అంచున మూడు గంట్లు, నడుమ పసుపు గుత్తిలో చిన్న చిన్న పూలు వేటికవే విచ్చుకుని ఉంటాయి. ఎంత అందమో! పక్క గడ్డిపోచకు మంచుబొట్టు వేలాడుతుంటే ఇంకా అదృష్టం. వెనకున్న పువ్వు ఆ బొట్టులో తలకిందులుగా కనిపిస్తుంది. ఫోకస్ బొట్టు అంచు మీద కాదు, లోపలి పువ్వు మీద పెట్టాలి. స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టేవాళ్ళున్నారు, నాకది నచ్చదు. కాడలకు దవడలతో పట్టుకుని నిద్రపోతున్న నీలి చారల తేనెటీగలు కూడా కనిపిస్తాయి. చలికి కదల్లేవు కదా అని వాటిని ముట్టుకోకండి.

ఇంతా చేశాక పువ్వు ఇంకా పెద్దగా కావాలనిపిస్తే, 50 మి.మీ. లెన్స్‌కి 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే బోలు గొట్టం) చాలు. లెన్స్‌కి మామూలుగా ఉన్న మాగ్నిఫికేషన్‌కి (అసలు సైజుతో పోలిస్తే సెన్సర్ మీద పడే సైజుకి) మరో 0.5 కలుస్తుంది. కెమెరానూ లెన్స్‌నూ కలిపే ఎలక్ట్రానిక్ కాంటాక్ట్స్ ఉన్న ట్యూబే తీసుకోండి. అవి లేకపోతే ఈ కాలపు లెన్సుల్లో చాలావాటికి అపెర్చర్ మార్చడం కుదరదు.