సమాధానం: క్రియాటినిన్ నార్మలే, మరి కొత్త మాత్ర ఎందుకు?

నాన్నగారికి కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1, షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, అయినా చిత్తూరులో డాక్టరు డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర రాశారు, వేయాలా వద్దా అని కదా మీ టెన్షన్. నా మాట వేయమనే.

మీరు పెట్టిన రిపోర్టులో చూడాల్సిన అంకె వేరే ఉంది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతుందో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 240. అది 30 లోపు ఉండాలి. షుగర్‌తో కిడ్నీ దెబ్బతినేటప్పుడు చాలామందికి ముందు మూత్రంలో ప్రోటీన్ పోతుంది, క్రియాటినిన్ తర్వాతెప్పుడో పెరుగుతుంది. జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా ఈ అంకె పెరగొచ్చు కాబట్టి పొద్దున్నే మొదటి మూత్రంతో ఇంకోసారి చేయించండి.

ఈ మందు షుగర్‌కే అనుకోకండి. ఇదే మందును కిడ్నీ జబ్బుకు పరీక్షించిన, 2020లో ఫలితాలొచ్చిన డాపా-సీకేడీ ట్రయల్లో 4,304 మంది కిడ్నీ రోగులున్నారు. కిడ్నీ బాగా క్షీణించడం, పూర్తిగా పోవడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణం, వీటన్నిటి ముప్పు కలిపి 39 శాతం తగ్గింది. షుగర్ లేనివాళ్లకూ పనిచేసింది. మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరగడం మామూలే, కంగారుపడి మీరే ఆపేయకండి.

పెరటాసి నెల శనివారాలు ఒక్కపొద్దుంటారన్నారు, ఆ రోజు మాత్ర సంగతి డాక్టరును ముందే అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఆపి ఫోన్ చేయండి. అలిపిరి మెట్లెక్కొచ్చి మోకాళ్లకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర మింగే అలవాటు ఉందా? కిడ్నీకి చేటు చేసేది, మాన్పించాల్సిన మాత్ర అదీ!