పాఠకుల ప్రశ్నలు: కంచెల్లేని లాక్స్‌టన్

ప్రశ్న: మా అమ్మాయి నాటింగ్‌హామ్‌లో చదువుతోంది. చూడ్డానికి వెళ్తే దగ్గర్లోని లాక్స్‌టన్ అనే పల్లెకు తీసుకెళ్లింది. పొలాలకు కంచెల్లేకపోవడమే ఆ ఊరి విశేషమట! మనకెక్కడున్నాయి కంచెలు? దానికంత గొప్పేమిటి? పైగా ఆ ఊరిని పారిష్ అంటున్నారు. అది చర్చికి సంబంధించిందా, మన పంచాయతీ లాంటిదా? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తెనాలి నుంచి వెళ్లినవాళ్లకు వింతగా ఉండదు, నిజమే. కానీ దారిలో కారు కిటికీలోంచి చూసే ఉంటారు, అక్కడ ఏ పొలం చూసినా చుట్టూ ముళ్లపొదల కంచె ఉంటుంది. ఆ కంచెల్లో చాలావాటికి మూడు నాలుగొందల ఏళ్లకు మించి వయసు లేదు. అంతకుముందు నడి ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లలో సాగుభూమంతా రెండో మూడో పెద్ద పొలాలుగా ఉండేది. ప్రతి రైతుకూ వాటిలో అక్కడో పట్టీ, ఇక్కడో పట్టీ. మంచి నేలా చెడ్డ నేలా అందరికీ వచ్చేది, కోతలయ్యాక పశువులు అందరివీ కలిసే మేసేవి. 1604 నుంచి 1914 లోపు పార్లమెంటులో 5,200 దాకా బిల్లులు పెట్టి దాదాపు 68 లక్షల ఎకరాలకు, అంటే ఇంగ్లండ్‌లో ఐదో వంతు నేలకు, కంచెలు వేయించారు. భూస్వాములు బాగుపడ్డారు, ఉమ్మడి బీళ్ల మీద ఒక్క ఆవును మేపుకుని బతికే బీదాబిక్కీ మాత్రం కూలీలయ్యారు.

లాక్స్‌టన్‌లో కూడా చాలా భూమికి కంచెలు పడ్డాయి. ఇప్పుడు పాత పద్ధతిలో మిగిలింది 500 ఎకరాల లోపే: వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు పొలాలు. బరువైన బంకనేల. ఏటా ఒకదానిలో శీతాకాలపు గోధుమ, ఇంకోదానిలో వసంతంలో వేసే పైరు, మూడోది బీడు, మరుసటేడు వంతు మారుతుంది. ఇదంతా సంప్రదాయం మీద ప్రేమతో నిలిచిందని అక్కడివాళ్లు చెప్తే నమ్మేయకండి. భూమి ఒక్క దొర చేతిలో లేదు, ఇద్దరు పెద్ద భూస్వాముల మధ్య ఒప్పందం కుదరలేదు, కంచెల ఖర్చు చూస్తే గుండె గుభేల్‌మంది. అలా సాగదీస్తూ ఉండగానే కాలం మారి, దాన్ని కాపాడాలన్న మాట వచ్చింది. 1952లో మ్యాన్వర్స్ ప్రభువుల థోర్స్‌బీ ఎస్టేటు నుంచి వ్యవసాయ మంత్రిత్వ శాఖ కొనుక్కుంది, 1981లో రాజరికపు భూముల్ని చూసే సంస్థ క్రౌన్ ఎస్టేట్‌కు వెళ్లింది, 2020లో మళ్లీ పాత థోర్స్‌బీ ఎస్టేటు వాళ్లే కొనుక్కున్నారు.

అసలు చూడాల్సింది నవంబరు ఆఖర్లో. కొత్తగా గోధుమ చల్లిన పొలాన్ని రైతుల జ్యూరీ నడిచి తనిఖీ చేస్తుంది. ఎవరైనా దున్నుతూ దున్నుతూ బాటలోకో, దున్నకూడని గడ్డినేలలోకో ఒక చాలు ఎక్కువ వేశాడా, అక్కడ హద్దు కొలిచి కొయ్య దిగ్గొడతారు. మనూళ్లో పక్కవాడు గట్టు చెక్కేస్తే ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతాం కదా, అక్కడ ఆ పంచాయితీ మరుసటి వారమే డవ్‌కోట్ ఇన్ అనే పబ్‌లో కూర్చునే ఊరి కోర్టులో తేలిపోతుంది. జరిమానా నామమాత్రమే, కానీ ఊరందరి ముందూ పేరు చదువుతారే, అదీ దెబ్బ! నవ్వులాట అనుకునేరు. 1977లో చట్టం చేసి దేశంలోని ఇలాంటి పాత కోర్టుల అధికారాలు దాదాపు అన్నీ తీసేసినా, ఈ పొలాల మీద లాక్స్‌టన్ కోర్టు పెత్తనాన్ని మాత్రం ఉంచారు. తడి పల్లాల్లో దున్నకుండా వదిలే గడ్డిని ‘సైక్’ అంటారు, అక్కడి గడ్డి కోతకు ఏటా వేలం వేస్తారు. ఎరువులూ మందులూ పెద్దగా పడని నేల కాబట్టి అడవిపూలు విరగబూస్తాయి.

ఇక పారిష్. పుట్టుక చర్చిదే. 1538లో పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, సమాధులు రాసిపెట్టమని ప్రతి పారిష్‌కూ ఆజ్ఞ వచ్చింది, తాతముత్తాతల్ని వెతికే ఇంగ్లిష్‌వాళ్లకు ఇప్పటికీ అదే ఆధారం. 1601 చట్టంతో ఊరి బీదల్ని పోషించే భారమూ దాని మీదే పడింది. 1894లో చర్చితో సంబంధం లేకుండా పారిష్ కౌన్సిళ్లు పెట్టారు. అంటే మీ అనుమానాలు రెండూ నిజమే, రెండు రకాల పారిష్‌లూ ఉన్నాయి, హద్దులు కలవాలనీ లేదు. కౌన్సిల్ చేతిలో ఉండేవి ఆటస్థలం, కాలిబాటల్లాంటి చిన్న పనులు. ఇక్కడ పక్క పల్లె మూర్‌హౌస్ కూడా లాక్స్‌టన్‌తోనే కలిసి ఉంటుంది.

ప్రశ్న: అదే ఊళ్లో కోట కూడా ఉందట, చూడొచ్చా? - ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: కోట అంటే గోల్కొండను ఊహించుకోకండి. దాదాపు వెయ్యేళ్ల కింద ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల కాలంలో పోసిన మట్టిదిబ్బ, దాని చుట్టూ కందకాలు, అంతే. షేర్‌వుడ్ అడవి మీద అధికారం చేసిన కుటుంబాలు అక్కడుండేవి. నన్నడిగితే దానికంటే 1635లో మార్క్ పియర్స్ గీసిన ఊరి పటం మేలు: ఏ పట్టీ ఎవరిదో విడివిడిగా చూపించాడు, దున్నేవాళ్ల బొమ్మలతో సహా. అసలు పటం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. దాని నకలు ఒకటి ఫోన్‌లో పెట్టుకుని పొలాల్లోకి వెళ్లండి, బూట్లు మాత్రం పాతవి వేసుకోండి, ఆ బంకమట్టి ఓ పట్టాన వదలదు.